మీ ప్రశ్న – మా జవాబు: శరణార్థులూ, యూరప్ దేశాలూ

ఈసారి డెల్టా పాఠకుల ఉత్తరాలు ఎక్కువగా యూరప్ చుట్టూనే తిరిగాయి. చదువుకో, ఉద్యోగానికో పిల్లల్ని అటు పంపుతున్న ఇళ్లు కోనసీమలోనూ, భీమవరం చుట్టుపక్కలా పెరిగాయి. దాంతో అక్కడి శరణార్థుల గొడవ ఇక్కడి వీధి అరుగుల మీద కూడా చర్చకొస్తోంది. ఒకేలాంటి ఉత్తరాలను కలిపి జవాబిస్తున్నాం.

2015లో మ్యూనిక్ రైల్వే స్టేషన్లో సిరియన్లకు చప్పట్లు కొట్టి, నీళ్ల సీసాలూ బొమ్మలూ పంచారు. రెండేళ్లకే శరణార్థులు వద్దనే ఏఎఫ్‌డీ పార్టీకి పార్లమెంటులో 94 సీట్లు ఇచ్చారు. ఒకే జనం అంతలా ఎలా మారిపోతారండి?
– గ్రూప్స్‌కు చదువుతున్న విద్యార్థిని, భీమవరం

చప్పట్లు కొట్టినవాళ్లూ, ఆ పార్టీకి ఓటేసినవాళ్లూ చాలావరకు వేర్వేరు మనుషులమ్మా. 2017 ఎన్నికల్లో ఏఎఫ్‌డీకి దేశం మొత్తం మీద 12.6 శాతం ఓట్లొచ్చాయి. సాక్సనీ రాష్ట్రంలో మాత్రం 27 శాతంతో మొదటి స్థానంలో నిలిచింది. మ్యూనిక్ ఉన్నది బవేరియాలో. సాక్సనీ పాత తూర్పు జర్మనీ భాగం, పడమటి రాష్ట్రాలతో పోలిస్తే అక్కడ విదేశీయులు బాగా తక్కువ. రెండు జర్మనీలు 1990లో ఒకటయ్యాక ఫ్యాక్టరీలు మూతపడి, చదువుకున్న పిల్లలు పడమటికి వలసపోయి, ముసలివాళ్లు మిగిలిన ఊళ్లు అక్కడ చాలా ఉన్నాయి. మా బడి మూసేటప్పుడు లేదన్న డబ్బు వీళ్ల కోసం ఎక్కణ్ణుంచి వచ్చిందన్న కోపం అక్కడిది. ఆ కోపానికి శరణార్థి పక్కింట్లో ఉండక్కర్లేదు, టీవీలో కనిపిస్తే చాలు.

అయితే పడమట కూడా మనసులు కొంత విరిగాయి. దానికి కారణం ఏర్పాట్లలో ఉంది. అప్పటి ఛాన్సలర్ (ప్రధాని లాంటి పదవి) మెర్కెల్ 2015 ఆగస్టు 31న 'మనం చేయగలం' అన్నారు. సెప్టెంబరు 4 రాత్రి, హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోని కెలెటి స్టేషన్ దగ్గర చిక్కుకుపోయినవాళ్లను రానివ్వాలని నిర్ణయించారు. సెప్టెంబరు 13న ఆస్ట్రియా సరిహద్దులో తనిఖీలు మళ్లీ మొదలయ్యాయి. అంటే తలుపు తీసి పది రోజులైనా కాకముందే కాపలా పెట్టారు. ఆ ఏడాది జర్మనీలోకి వచ్చినవాళ్లు దాదాపు 8.9 లక్షలు. తొలిసారి శరణు దరఖాస్తు ఇచ్చినవాళ్లు 4.42 లక్షలే. మిగతావాళ్లకు దరఖాస్తు ఇచ్చే వంతే రాలేదు. ఆ బకాయి అంతా 2016 మీద పడి, ఆ ఏడాది దరఖాస్తులు 7.22 లక్షలకు చేరాయి. ప్రజాభిప్రాయం చెడింది ఆ ఎదురుచూపుల కాలంలోనే.

బెర్లిన్ ఉదాహరణ చూడండి. మోవాబిట్ అనే పేటలో ఉన్న నమోదు కార్యాలయం దగ్గర ఒక్కొక్కరికి ఒక నంబరు చీటీ ఇచ్చారు. ఆ నంబరు బోర్డు మీద వెలిగేదాకా ఆవరణలో నిలబడాలి. నంబర్లు వరస ప్రకారం రావు. కాబట్టి చంటిబిడ్డ తల్లయినా బోర్డు వదిలి కదలడానికి లేదు. రోజులు, వారాలు అలాగే గడిచాయి. నీళ్లు, తిండి, దుప్పట్లు సర్దింది ఎక్కువగా ఆ పేట మనుషులే. జాలి ఉన్నా, అధికార యంత్రాంగం ముందే సిద్ధంగా లేకపోతే ఆ జాలి అలిసిపోతుంది.

ఎవరిని ఏ రాష్ట్రానికి పంపాలో తేల్చడానికి జర్మనీకి కోనిగ్‌స్టైన్ సూత్రమని ఒక లెక్క ఉంది. రాష్ట్రానికి వచ్చే పన్నుల రాబడికి మూడింట రెండు వంతులు, జనాభాకు ఒక వంతు విలువ కట్టి వాటా తేలుస్తారు. నార్త్ రైన్ వెస్ట్‌ఫాలియాకు సుమారు 21 శాతం, సాక్సనీకి 5 శాతం పడుతుంది. న్యాయంగానే కనిపిస్తుంది గానీ, ఈ లెక్కకు ఖాళీ ఇళ్లతో పనిలేదు. పన్నులు బాగా వసూలయ్యే చోటే అద్దెలూ ఎక్కువ, ఇళ్లూ దొరకవు. అందుకని బడుల వ్యాయామశాలల్లో మంచాలు వేశారు. పిల్లల ఆటల పీరియడ్లు నెలల తరబడి ఆగిపోయాయి. ముందు దుప్పట్లు తెచ్చిచ్చిన తల్లిదండ్రులే తర్వాత మున్సిపల్ సమావేశాల్లో నిలదీశారు.

2015 డిసెంబరు 31 రాత్రి కొలోన్ స్టేషన్ ముందు జరిగింది కూడా చెప్పాలి. వందల మంది ఆడవాళ్లు లైంగిక దాడులు, దొంగతనాల మీద ఫిర్యాదులిచ్చారు. నిందితుల్లో కొత్తగా వచ్చినవాళ్లు ఉన్నారు. మర్నాడు పొద్దున పోలీసుల ప్రకటనలో మాత్రం రాత్రి చాలావరకు ప్రశాంతంగా గడిచిందని ఉంది. నిజం బయటపడ్డాక నగర పోలీసు అధిపతిని తప్పించారు. నేరం చేసినవాణ్ణి శిక్షించమనడం వేరు, దాచిపెట్టడం వేరు. దాచిపెట్టడం వల్ల, ఏ తప్పూ చేయని లక్షల మంది మీద అనుమానం పడింది. ఆ రాత్రి తర్వాత ఆ దేశంలో ఈ చర్చ స్వరమే మారిపోయింది.

మరో వైపు కూడా ఉంది. 2015లో వచ్చినవాళ్లలో 2024 నాటికి దాదాపు 64 శాతం మంది ఉద్యోగాల్లో ఉన్నారని జర్మనీ ప్రభుత్వ ఉపాధి పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. దేశ సగటు 70 శాతం దాకా ఉంది. మగవాళ్లు సగటును దాటారు, ఆడవాళ్లు బాగా వెనకబడ్డారు. ఈ అంకెలు ఓట్ల ప్రచారంలో వినపడవు. 2025 ఫిబ్రవరిలో ఏఎఫ్‌డీ ఓట్లు 20.8 శాతానికి పెరిగాయి.

గ్రీసు, ఇటలీ మీద అంత భారం పడుతుంటే మిగతా దేశాలు ఎందుకు పంచుకోలేదు? హంగరీ ఏకంగా కంచె వేసుకుంది కదా, దానికి శిక్ష లేదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలకొల్లు

డబ్లిన్ నియమం అనేది దీనికి మూలమండి. శరణు కోరే మనిషి యూరప్‌లో మొదట ఏ దేశంలో అడుగుపెడితే, మామూలుగా ఆ దేశమే అతని దరఖాస్తు తేల్చాలి. 14 ఏళ్లు దాటినవాళ్ల వేలిముద్రలు 2003 నుంచి యూరోడాక్ అనే ఉమ్మడి కంప్యూటర్ వ్యవస్థలోకి వెళ్తున్నాయి. గ్రీసులో ముద్ర పడ్డవాడు జర్మనీలో దొరికితే వెనక్కి పంపమంటారు. మన పల్లపు శివారు చేలల్లాంటివే గ్రీసు, ఇటలీ. ఎగువన ఎవరు వదిలిన నీరైనా చివరికి వచ్చి నిలిచేది వాళ్ల చేలోనే.

వెనక్కి పంపడం కాగితం మీద ఉన్నంత తేలిక కాదు. ఆరు నెలల్లో పంపలేకపోతే బాధ్యత ఆ మనిషి ఉన్న దేశానిదే అవుతుంది. పరారైతే గడువు 18 నెలలు. పైగా గ్రీసు శిబిరాల పరిస్థితి అమానుషంగా ఉందని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం 2011 జనవరిలో తీర్పిచ్చాక, అక్కడికి పంపడం ఏళ్ల తరబడి ఆగిపోయింది. గ్రీసుకూ ఇటలీకీ వేలిముద్రలు తీసుకోవడంలో ఆసక్తి ఎందుకుంటుంది? చూసీచూడనట్టు ఉత్తరానికి వదిలేశారు. ఉత్తరాది దేశాలకు కోపమొచ్చింది.

2015 సెప్టెంబరులో 1.6 లక్షల మందిని దేశాలన్నీ పంచుకోవాలని తీర్మానించారు. హంగరీ, చెక్, స్లొవాకియా, రుమేనియా వ్యతిరేకంగా ఓటేశాయి. చివరికి తరలించగలిగింది 35 వేలలోపే. అర్హత నిబంధన దగ్గరే మొదటి చిక్కు వచ్చింది. శరణు దొరికే అవకాశం 75 శాతమైనా ఉన్న దేశాలవాళ్లకే ఈ పథకం వర్తించింది. కాబట్టి ఇటలీకి వచ్చిన ఆఫ్రికన్లలో చాలామందికి అక్కరకు రాలేదు. ఏ దేశానికి వెళ్లాలో ఎంచుకునే వీలు శరణార్థికి లేదు. క్రైస్తవులైతేనే తీసుకుంటామని స్లొవాకియా లాంటి దేశం బాహాటంగానే చెప్పింది. హంగరీ వాటా 1,294 మంది. ఒక్కరినీ తీసుకోలేదు.

హంగరీ సెర్బియా సరిహద్దులో 175 కిలోమీటర్ల కంచెను 2015 సెప్టెంబరు 15కల్లా బిగించింది. మర్నాటి ఏడాది ప్రధాని ఓర్బన్ ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, ఓటేసినవాళ్లలో 98 శాతం మంది పంపకం వద్దన్నారు. కానీ చెల్లిన ఓట్లు సగం మంది ఓటర్లను దాటకపోవడంతో అది చట్టరీత్యా చెల్లలేదు. ఇక శిక్ష సంగతి. ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2024 జూన్‌లో హంగరీకి 20 కోట్ల యూరోల జరిమానా వేసింది. తీర్పు పాటించేదాకా రోజుకు మరో 10 లక్షల యూరోలు కట్టమంది. ఇది వేసింది కంచె కట్టినందుకు కాదు, శరణు దరఖాస్తు పెట్టుకునే దారినే మూసేసినందుకు.

2024లో ఐరోపా సమాఖ్య దేశాలు శరణార్థుల మీద కొత్త ఒప్పందం చేసుకున్నాయి. అమలు తేదీ 2026 జూన్ 12. మనుషుల్ని తీసుకోని దేశం తలకు 20 వేల యూరోల చొప్పున సాయం చెల్లించవచ్చు. వేలిముద్రల వయసు ఆరేళ్లకు దిగింది. శరణు దొరికే రేటు 20 శాతంలోపు ఉన్న దేశాలవాళ్ల దరఖాస్తులను సరిహద్దులోనే 12 వారాల్లో తేల్చాలి. మా అభిప్రాయం అడిగితే, మొదట అడుగుపెట్టిన దేశమే భరించాలన్న పాత ముడి ఇందులోనూ విప్పలేదు.

మాది సముద్రం ఒడ్డు. మధ్యధరా సముద్రంలో పడవలు మునిగి వందల మంది పోతున్నారని వింటే గుండె ఆగినట్టవుతుంది. ఓడలు పక్కనే ఉన్నా ఎలా మునుగుతాయి?
– మత్స్యకార కుటుంబం గృహిణి, అంతర్వేది దగ్గర

ఓడ పక్కకు వచ్చినప్పుడే చాలా పడవలు మునుగుతాయమ్మా. ఓడ కనపడగానే అందరూ ఒక పక్కకు తోసుకొస్తారు. కింది అరలో మనుషుల్ని కుక్కిన పాత చెక్క పడవ ఆ బరువుకు ఒరిగిపోతుంది. కింద ఉన్నవాళ్లకు బయటికి దారుండదు. 2015 ఏప్రిల్ 18న లిబియా తీరానికి ఎగువన అలాగే 800 మందికి పైగా పోయారు. సాయానికి వచ్చిన సరుకుల ఓడ కళ్లెదుటే జరిగింది. అందుకే తెలిసిన రక్షణ దళాలు పెద్ద ఓడను దూరంగా ఆపి, చిన్న పడవల్లో వెళ్లి, ముందు అందర్నీ కూర్చోమని అరిచి, లైఫ్ జాకెట్లు పంచాకే ఒక్కొక్కరినీ దించుకుంటాయి.

రబ్బరు పడవల బాధ వేరు. కింద కారిన పెట్రోలు ఉప్పునీటితో కలిసి, మధ్యలో కూర్చున్న ఆడవాళ్లకూ పిల్లలకూ ఒళ్లు బొబ్బలెక్కిపోతుంది. టర్కీలో అమ్మిన చౌక జాకెట్లలో కొన్నింటి లోపల సరుకులు చుట్టే స్పాంజి ఉండేది. అది నీళ్లు పీల్చి మనిషిని కిందికి లాగుతుంది.

ప్రభుత్వాల తీరు అలలాగా మారింది. 2013 అక్టోబరు 3న లాంపెదూసా దీవి దగ్గర 368 మంది చనిపోయాక, ఇటలీ నౌకాదళం 'మారే నోస్ట్రుమ్' పేరుతో ఏడాది పాటు లక్షకు పైగా ప్రాణాలు కాపాడింది. ఖర్చు పంచుకోవడానికి మిగతా దేశాలు ముందుకు రాలేదు. కాపాడితే ఇంకా వస్తారన్న వాదన గెలిచి, 2014లో ఆపేశారు. తర్వాతి ఏడాది మధ్యధరాలో చనిపోయినవాళ్లూ, గల్లంతైనవాళ్లూ 3,700 పైచిలుకు. కాపాడటం మానేస్తే రావడం ఆగలేదు, చావులు పెరిగాయి. 2023 జూన్‌లో గ్రీసులోని పైలోస్ దగ్గర మునిగిన చేపల పడవలో సుమారు 750 మంది ఉంటే, బతికింది 104 మంది.

గ్రీసు దీవి లెస్బోస్‌లో జాలర్లు వేట మానుకుని మనుషుల్ని ఒడ్డుకు చేర్చారు. అదే దీవిలో తర్వాత నిరసనలూ జరిగాయి. 2016 మార్చిలో టర్కీతో కుదిరిన ఒప్పందం ప్రకారం, వచ్చినవాళ్లను దీవి దాటనివ్వకుండా అక్కడే ఉంచారు. దాదాపు మూడు వేల మందికి కట్టిన మోరియా శిబిరంలో ఒక దశలో 20 వేల మంది దాకా ఉన్నారు. 2020 సెప్టెంబరులో అది తగలబడిపోయింది. నాలుగేళ్లు అలా పెడితే, ఎంత మంచి ఊరైనా ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

ఉక్రెయిన్ వాళ్లను ఒక్క రోజులో చేర్చుకున్నారు. సిరియా, ఆఫ్ఘన్ వాళ్లకు ఏళ్లు పడుతుంది. రంగూ మతమేనా కారణం?
– పాఠకుడు, యానాం

అవి ఉన్నాయి, లేవనడం అబద్ధం. తూర్పు యూరప్ నాయకులు కొందరు ఆ మాట దాచలేదు కూడా. కానీ చట్టం వైపు కూడా చూడాలి. 2001లో రాసిన 'తాత్కాలిక రక్షణ' ఆదేశాన్ని 2022 మార్చి 4న మొదటిసారి వాడారు. దాని కింద విడివిడిగా విచారణ లేదు. గుర్తింపు చూపిస్తే నివాస పత్రం, పని హక్కు, బడి, వైద్యం వస్తాయి. నచ్చిన దేశంలో నమోదు చేసుకోవచ్చు, డబ్లిన్ బెడద లేదు. ఉక్రేనియన్లకు 2017 నుంచే 90 రోజులు వీసా లేకుండా తిరిగే వీలుంది, కాబట్టి పడవ ఎక్కాల్సిన పని పడలేదు. బంధువుల ఇళ్లలో, తెలిసినవాళ్ల గదుల్లో దిగారు, శిబిరాల్లో తక్కువ. 40 లక్షల మందికి పైగా ఇప్పటికీ ఆ రక్షణలో ఉన్నారు. గడువు 2027 మార్చి దాకా పొడిగించారు.

అక్కడ చదువుతున్న మన వైద్య విద్యార్థులకు ఇది వర్తించలేదు. సొంత దేశానికి క్షేమంగా తిరిగి వెళ్లగలిగినవాళ్లను చేర్చుకోవాల్సిన పని లేదని నిబంధన. అందుకే ఆపరేషన్ గంగ విమానాల్లో రావాల్సి వచ్చింది. సిరియన్లకు 2015లోనే ఈ ఆదేశాన్ని వాడి ఉంటే, బెర్లిన్ ఆవరణలో నంబరు చీటీల అవసరం చాలావరకు తప్పేది. వాడకపోవడానికి చట్టంలో అడ్డేమీ లేదు, దేశాలకు మనసు రాలేదు.

సముద్రం కోతకు ఇళ్లు పోయినవాళ్లను యూరప్ శరణార్థులుగా తీసుకుంటుందా?
– డిగ్రీ విద్యార్థి, ఉప్పాడ

తీసుకోదు. శరణార్థి ఎవరో తేల్చే 1951 ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో ఐదే కారణాలున్నాయి: జాతి, మతం, పౌరసత్వం, ఒక సామాజిక వర్గానికి చెందడం, రాజకీయ అభిప్రాయం. వీటి వల్ల వేధింపుల భయం ఉండాలి, సొంత దేశం దాటి ఉండాలి. తుపాను, కోత, ప్రాజెక్టు ముంపు వాటిలో లేవు. ఉప్పాడ ఇళ్లకూ, పోలవరం ముంపు గ్రామాలకూ జవాబుదారీ మన ప్రభుత్వాలే. భారత్ ఆ ఒప్పందం మీద సంతకం చేయలేదన్నది కూడా గుర్తుంచుకోండి.

మావాడికి ఒక ఏజెంటు 'ముందు పోలండ్ వర్క్ వీసా, అక్కణ్ణుంచి జర్మనీ, అక్కడ అసైలం (శరణు) అడిగితే వెనక్కి పంపరు, నెలనెలా డబ్బులిస్తారు' అంటున్నాడు. ఎనిమిది లక్షలు అడుగుతున్నాడు. కొబ్బరితోట తాకట్టు పెడదామా అనుకుంటున్నాం.
– రైతు, రాజోలు మండలం

తోట తాకట్టు పెట్టకండి. అడ్వాన్సు కూడా ఇవ్వకండి. ఒక్కో మాటా ఎందుకు తప్పో చెబుతాం.

పోలండ్ వీసా మీద వెళ్లినవాడి దరఖాస్తు తేల్చే బాధ్యత పోలండ్‌దే. వీసా సంగతి జర్మనీ అధికారులకు తెలిస్తే తిరిగి పోలండ్ పంపమంటారు. పంపకపోయినా ఇంటర్వ్యూ ఉంటుంది. మీ ఊళ్లో మిమ్మల్ని ఎవరు, ఏ కారణంతో, ఎప్పుడు వేధించారు, పోలీసులకు చెప్పారా, వేరే రాష్ట్రంలో ఉండలేరా అని తిప్పి తిప్పి అడుగుతారు. అప్పులు, పని లేకపోవడం కారణాలు కావు. ఏజెంటు నేర్పిన కథ అనువాదకుడి ముందు రెండో గంటకే తేలిపోతుంది.

దరఖాస్తు 'స్పష్టంగా ఆధారం లేనిది' అని తోసిపుచ్చితే, అప్పీలుకు వారమే గడువు. ఆ ముద్ర పడ్డాక దేశం వదిలి వెళ్లేదాకా వేరే వీసా కిందకు మారే దారి దాదాపు మూసుకుపోతుంది. బలవంతంగా పంపితే ప్రవేశ నిషేధం పడి, 29 షెంగెన్ (సరిహద్దు తనిఖీలు లేకుండా తిరిగే యూరప్) దేశాల్లోనూ కనపడుతుంది. రేపు నిజమైన ఉద్యోగం వచ్చినా వెళ్లలేడు. పాస్‌పోర్టు అధికారుల దగ్గరే ఉంటుంది.

నెలనెలా డబ్బన్నది కూడా చూద్దాం. మొదటి శిబిరంలో తిండి, పడక ఇస్తారు. చేతి ఖర్చుకి 2024 నుంచి చాలాచోట్ల కార్డు ఇస్తున్నారు. దాని మీద నగదు నెలకు 50 యూరోలకు మించి తీయనివ్వని చోట్లే ఎక్కువ. ఇంటికి డబ్బు పంపకుండా ఆపడానికే ఆ కార్డు పెట్టారు. మొదటి నెలల్లో పని చేయనివ్వరు.

భారతీయుల మీద చూపు కూడా బిగిసింది. వీసా లేకుండా సెర్బియాకి వెళ్లి, అక్కణ్ణుంచి 2022లో వేల మంది మనవాళ్లు ఆస్ట్రియాలో శరణు అడిగారు. ఐరోపా సమాఖ్య ఒత్తిడితో సెర్బియా 2023 జనవరి 1 నుంచి మనకు వీసా తప్పనిసరి చేసింది. 2025 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించిన 'సురక్షిత దేశాల' జాబితాలో భారత్ పేరుంది. నిజంగా ప్రాణభయం ఉన్న భారతీయుడైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు, వినాల్సిందే. కానీ ఋజువు భారం అతని మీద పెరుగుతుంది. కట్టుకథలు పెరిగేకొద్దీ నష్టపోయేది ఆ నిజమైన మనిషే.

అబ్బాయిని పంపాలనే ఉంటే, ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి భారత ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో చూడండి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన గరిష్ఠ ఫీజు 30 వేల రూపాయలు, జీఎస్టీ అదనం. ఎనిమిది లక్షలన్న మాటే అతనెవరో చెబుతోంది. రసీదు, యజమాని పేరు, జీతం రాసిన ఒప్పందం చేతికి రాకుండా పాస్‌పోర్టు ఇవ్వకండి. ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే, ఫోన్ మెసేజీలు చెరపకుండా పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి.

నర్సుగా జర్మనీ వెళ్తున్నాను. అక్కడ విదేశీయుల మీద కోపం ఉందంటున్నారు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలండి?
– నర్సింగ్ పూర్తి చేసిన పాఠకురాలు, తణుకు

మీరు శరణార్థి కాదు, నైపుణ్య వీసా మీద వెళ్తున్నారు. కోపంతో ఉన్నవాడు ఈ తేడా అడిగి తెలుసుకోడన్నది మాత్రం నిజం. ఆస్పత్రుల్లో నర్సుల కొరత వల్ల పనిచోట ఆదరణ బాగుంటుంది. బస్సులో, అద్దె ఇల్లు వెతికేటప్పుడు ఇబ్బంది రావచ్చు. భాషే పెద్ద రక్షణ. పూర్తి లైసెన్సుకు మామూలుగా జర్మన్ భాషలో బీ2 స్థాయి (బీ1కి పై మెట్టు) కావాలి, కాబట్టి ఇక్కడే బీ1 దాటి వెళ్లండి. ఇంటి చిరునామాను దిగిన రెండు వారాల్లోపు పురపాలక కార్యాలయంలో నమోదు చేయాలి. అద్దె ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం లేకుండా నమోదు చేయరు, కాబట్టి తాళాలు తీసుకునేటప్పుడే అడగండి. పోలీసులకు 110, అంబులెన్సుకు 112. ఎవరైనా తిట్టినా, నెట్టినా తేదీ, చోటు, చూసినవాళ్ల పేర్లు అప్పుడే రాసిపెట్టుకుని ఫిర్యాదివ్వండి. వివక్ష ఫిర్యాదుల కోసం జర్మనీ కేంద్ర ప్రభుత్వానికి ప్రత్యేక కార్యాలయం ఉంది, సలహాకు డబ్బు తీసుకోరు. అద్దెలో, ఉద్యోగంలో వివక్ష జరిగితే పరిహారం అడగడానికి చట్టంలో రెండు నెలలే గడువు, ఆలస్యం చేయకండి.